మూర ఎవరిది?

విరోధి నామ సంవత్సరం, వైశాఖ బహుళ తదియ, శుక్రవారం. తెల్లవారేసరికే గాలి స్తంభించింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. పొద్దు బారెడెక్కక ముందే రాళ్ళు కాలాయి. అనగనగా అంటే ఎప్పుడని పిల్లలు అడుగుతారు కదా, అందుకని తేదీతో సహా చెప్పడం.

అనగనగా ఆనాటికి ఒక అడవిలో ఒకే ఒక్క మడుగు మిగిలింది. దాని గట్టున ఒక బొరియలో పట్టాభి అనే ఉడుము, భార్య నాంచారమ్మ, నలుగురు పిల్లలు ఉండేవాళ్ళు. వానలకింకా నెల పైనే ఉంది. మడుగు వారం కూడా ఆగదని పట్టాభికి బురద వాసనను బట్టే తెలిసిపోయింది.

చందమామ అంచున ఒక చీకటి గుంట ఉందనీ, అందులో నీళ్ళు గడ్డకట్టి ఉన్నాయనీ ఆ అడవిలో అందరికీ తెలుసు. ఏటా వలస వచ్చే కొంగలు చెప్పిన సంగతే అది. పున్నమి వెళ్ళిన మూడోనాడు, పొద్దునపూట, చందమామ పడమటి కొండ కొమ్ము దాకా వంగుతాడు. అందుకోవాలంటే అప్పుడే.

ఎన్నో ఏళ్ళ కిందటే మొదట సింహరాజుగారి ప్రభుత్వం పూనుకుంది. పనుల శాఖ పెద్ద భూధరం అనే ఏనుగు. ఆయన గట్టి వెదురు నిచ్చెన చేయించాడు. దానికి అనుమతిగా రాజుగారి పంజా గుర్తు పడటానికి ఏడేళ్ళు పట్టింది. పంజా పడేనాటికి నిచ్చెనలో చెదలు తప్ప వెదురు లేదు.

తరువాత ఖగేశం అనే గద్ద 'శరవేగం' అని సొంత కంపెనీ పెట్టాడు. నిచ్చెన దండగన్నాడు. రివ్వున ఎగిరాడు. పైన గాలి లేదు. గాలి లేనిచోట రెక్క ఎందుకు? తిన్నగా వచ్చి బ్రహ్మజెముడు పొదలో పడ్డాడు.

"పడ్డావేమిటయ్యా?" అంది నాంచారమ్మ.

"పడలేదమ్మా, అనుకున్నదానికంటే ముందు దిగాను," అన్నాడు ఖగేశం ముళ్ళు పీక్కుంటూ.

ఈ ఎండల్లో, మూడోసారి, ముగ్గురూ కలిశారు. మూడో వాటా కొంగలది. వాటి పెద్దను అడవి వాళ్ళు పొడుగుకాళ్ళ దొర అనేవాళ్ళు. ఒడంబడిక రాయడానికే మూడు రోజులు పట్టింది. "చందమామ అని రాస్తే ఆయన మీ ఒక్కరికే మామ అన్నట్టుంటుంది. మా దేశంలో ఆయన పెదనాన్న," అని దొర పట్టుబట్టాడు. ఆ మూడు రోజుల్లో మడుగు సగమైంది.

చివరకు తేలిందిది. కొండ కొమ్ము నుంచి చందమామకు ముప్పై మూరలు. కొలిచింది దొర. నిచ్చెన మూడు ముక్కలు, తలా పది మూరలు. పైన జారుడు. పట్టు ఉన్నవాడే నిలుస్తాడు కనుక ముందు ఎక్కేది పట్టాభి. వెనక నీళ్ళు మోసేది లచ్చన్న అనే కోతి.

పట్టాభి లేచి అడిగాడు. "అయ్యా, మూరంటే ఎవరి మూర?"

"మూరంటే మూరే!" అన్నాడు భూధరం. "దానికీ గోత్రం చెప్పాలా?"

"ఎక్కరా అంటే ఎక్కాలు అడుగుతున్నాడు," అని ఖగేశం నవ్వాడు. అందరూ నవ్వారు. పట్టాభి కూర్చున్నాడు.

అడగవలసిన మాటే అది. పూలమ్మే ఆవిడ మూర, కొనే ఆవిడ మూర ఏనాడైనా ఒకటయ్యాయా? మల్లెపూల దగ్గర అయితే నాలుగు పూలు తగ్గుతాయి, అంతే.

బొరియలో నాంచారమ్మ ఊరుకోలేదు. "నోరు మూసుకుని వచ్చేశావా?"

"పెద్దవాళ్ళు కదే."

"పెద్దవాళ్ళు నిచ్చెన ఎక్కరు. ఎక్కేది నువ్వు."

భూధరం తొండం కొసతో కొలిచాడు. ఆయన ముక్క కాస్త పొడుగైంది. ఖగేశం కాలి గోళ్ళతో కొలిచాడు. అతని ముక్క బాగా కురచైంది. దొర తన మోకాలి ఎత్తుతో కొలిచాడు. మొదట దూరం కొలిచిందీ దానితోనే కనుక ఆ ఒక్కటే సరిపోయింది. ఆ శుక్రవారం పొద్దున మూడూ కట్టి కొండ కొమ్మున నిలబెడితే చందమామకు ఒక ఉడుమంత తక్కువైంది.

ఆ సంగతి పట్టాభికి ఆఖరి మెట్టు మీద తెలిసింది. కింద ఎవరికీ కనిపించలేదు. అతను వెనక కాళ్ళతో మెట్టును కరిచి పట్టాడు. ఒళ్ళంతా చాచి ముందు గోళ్ళతో చందమామ అంచు పట్టాడు.

"నా వీపు మీద నడువు లచ్చన్నా," అన్నాడు.

లచ్చన్న నడిచాడు. మొదటిసారి ఒక పెద్ద మంచుగడ్డ తెచ్చి కొండ మీద నుంచి దొర్లించాడు. అది పోయి మడుగులో పడింది. రెండోసారి ఇంకొకటి తెచ్చాడు. మూడోసారి వెళ్ళేసరికి చందమామ కొండ వెనక్కు జారుతున్నాడు. పట్టాభి ఒళ్ళు తాడులా సాగింది.

అంచు వదిలేస్తే అతను నిచ్చెన మీద మిగులుతాడు. లచ్చన్న అవతల ఉండిపోతాడు. పట్టాభి వదలలేదు.

లచ్చన్న గడ్డతో పరుగెత్తుకొచ్చాడు. అతని కాలు మెట్టు మీద పడీ పడగానే పట్టాభి వెనక గోళ్ళు జారాయి. "బాబాయ్, ఇటు రా!" అని లచ్చన్న పట్టాభి తోక అందుకోబోయాడు. అందలేదు. చందమామ కొండ దిగిపోయాడు, పట్టాభితో సహా.

మడుగు వానల దాకా ఆగింది. నాంచారమ్మ పిల్లలు నలుగురూ బతికారు.

పట్టాభి తిరిగి రాలేదు కనుక పంపకాలు జరిగాయి. నిచ్చెన రాజుగారి కొలువుకు పోయింది. 'చందమామను తాకిన తొలి కంపెనీ' అన్న బిరుదు ఖగేశం 'శరవేగం'కు దక్కింది. గడ్డకు అంటిన మట్టి దొర మూటగట్టుకుని తన దేశం తీసుకుపోయాడు. లచ్చన్నకు ప్రాణం మిగిలింది. ఆ అడవిలో మూరంటే ఇక ఉడుము ముక్కు నుంచి తోక దాకా అని చాటింపు వేశారు. అప్పటినుంచి ఏది కొలవాలన్నా పట్టాభి పెద్దకొడుకును పిలిచి తిన్నగా పడుకోమంటారు. ఆ పనికి జీతం లేదు. నాంచారమ్మకు ఏమీ రాలేదు.

నీతి: పదిమందీ కలిసి నిచ్చెన వేసేముందు మూర ఎవరిదో తేల్చుకోవాలి. తేల్చుకోకపోతే ఆ వెలితిని ఆఖరి మెట్టు మీదున్నవాడు తన ఒంటితో పూడ్చవలసి వస్తుంది.