చప్పట్లు లేని గది

పార్వతీపురం దగ్గర కొండవాలులో ఉన్న ఒక ఊళ్లో పైడిరాజు అనే మోటారు మెకానిక్ ఉండేవాడు. ఎవరింట్లో పాము దూరినా పిలిచిన వెంటనే వెళ్లి పట్టేవాడు గాని, నలుగురూ చూసి చప్పట్లు కొట్టకపోతే అతనికి ఆ పని చేసినట్టే ఉండేది కాదు.

పాము పట్టినందుకు ఎవరి దగ్గరా పైసా తీసుకునేవాడు కాదు. పట్టిన పామును చంపకుండా కొండ మీద వదిలేసేవాడు. ఊళ్లో అతనికి మంచి పేరు. ఆ పేరంటే అతనికి ప్రాణం. పాము దొరకగానే సంచిలో వేసి మూతి కట్టెయ్యాలి. అతను మాత్రం వీధిలోకి తెచ్చి పడగ విప్పించేవాడు. అందరూ ఫోన్లలో వీడియోలు తీసుకున్నాకే సంచి బయటికి తీసేవాడు.

శ్రావణ మాసంలో ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం మంగ అనే ఆమె అతని షెడ్డుకి పరుగెత్తుకొచ్చింది.

"అన్నా, వంటింట్లో తాచు దూరింది! బియ్యం డ్రమ్ము వెనక బుస కొడుతోంది. పక్క గదిలో మా అమ్మ ఉంది. తుంటి ఎముక విరిగి మంచం మీంచి లేవలేదు."

పైడిరాజు కొక్కెం కర్ర, గుడ్డ సంచి తీసుకుని వెళ్లాడు. అప్పటికే వాకిట్లో జనం గుమిగూడారు. అతను డ్రమ్ము జరిపి, చూస్తుండగానే పామును తోక పట్టి ఎత్తాడు. నల్లగా, బారెడు పొడవుంది.

"సంచిలో వేసెయ్యన్నా, నీకు దండం పెడతాను" అంది మంగ.

"ఒక్కసారి పడగ విప్పించు పైడిరాజూ!" అని వాకిట్లోంచి ఎవరో అరిచారు.

అతను పామును వాకిట్లో దించాడు. అది లేచి పడగ విప్పింది. ఈలలు వేశారు, చప్పట్లు కొట్టారు. "ఇటు చూడు, ఇటు!" అన్నారు ఫోన్లు పట్టుకున్నవాళ్లు. పైడిరాజు అటు తిరిగి నవ్వాడు. ఆ క్షణంలోనే తోక అతని వేళ్లలోంచి జారిపోయింది. పాము గడప దాటి నేరుగా ముసలమ్మ ఉన్న గదిలోకి వెళ్లింది.

కేకలు పెడుతూ జనం చెల్లాచెదురయ్యారు. మంగ గదిలోకి ఉరకబోయింది. పైడిరాజు ఆమెను ఆపాడు. "నువ్వు అడుగు పెడితే అది బెదురుతుంది. ఇక్కడే ఉండు" అని చెప్పి తాను గుమ్మంలోకి వెళ్లాడు.

గది చీకటిగా ఉంది. ముసలమ్మ అచ్చియ్యమ్మ వెల్లకిలా పడుకుని ఉంది. కాళ్ల మీద దుప్పటి కప్పి ఉంది. ఆ దుప్పటి మెల్లగా కదులుతోంది.

"ఎవరది?" అంది ఆమె. "కాలి మీద ఏదో చల్లగా పాకుతోంది నాయనా."

ఇన్ని పాములు పట్టినా పైడిరాజుకి ఎన్నడూ అంత భయం వెయ్యలేదు. చుట్టూ జనం లేకపోతే తనకు ధైర్యమే లేదని అప్పుడు తెలిసింది. తాను వచ్చిన తలుపు వెనక తీసే ఉంది. వెళ్లిపోదామా అనిపించింది.

"పైడిరాజువేనా?" అంది ముసలమ్మ. "నువ్వొచ్చావు, ఇంక పరవాలేదు."

ఆ మాటతో అతనికి కాళ్లు వెనక్కి పడలేదు. "అమ్మా, కదలకు. కాలు రాయిలా ఉంచు" అన్నాడు గొంతు తగ్గించి.

"దగ్గు వస్తోంది నాయనా."

"ఆపుకో తల్లీ. నోటితో మెల్లగా ఊపిరి తీసుకో."

ఆమె పెదవులు బిగించింది. కళ్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. దుప్పటి కింది ఉబ్బు మోకాలి దాకా వచ్చి ఆగింది. పైడిరాజు సంచి మూతి తెరిచి మంచం అంచుకు ఆనించి పట్టుకున్నాడు. చెమట కళ్లలోకి దిగినా తుడుచుకోలేదు. ముసలమ్మ గొంతులో దగ్గు గురగురమంది. దుప్పటి గట్టిగా కదిలింది. ఆమె ఊపిరి బిగబట్టింది. చాలాసేపటికి దుప్పటి చివర పాము తల కనిపించింది. నాలుక ఆడించింది. నీడగా ఉన్న సంచిలోకి మెల్లమెల్లగా జారింది. తోక లోపలికి పోగానే అతను మూతి బిగించాడు. అప్పుడు ముసలమ్మ దగ్గింది. దగ్గుతూనే ఏడ్చింది.

మంగ లోపలికొచ్చి తల్లిని పట్టుకుంది. అతని వంక చూసి, "నువ్వొచ్చింది మా అమ్మ కోసమా, వాళ్ల కోసమా?" అని అడిగింది.

పైడిరాజు సంచిని గట్టిగా ముడేసి గడప బయట పెట్టాడు. వచ్చి అచ్చియ్యమ్మ మంచం దగ్గర కూర్చున్నాడు. "అమ్మా, అది దానంతట అది రాలేదు. వాళ్లకి చూపించబోయి నేనే జార్చాను" అన్నాడు. ఆమె ముఖం గోడవైపు తిప్పుకుంది.

ఆ తర్వాత కూడా అచ్చియ్యమ్మను భయం వదల్లేదు. దుప్పటి కొంచెం జరిగితే చాలు, కేక పెట్టేది. కంటి మీద కునుకు ఉండేది కాదు. ఆ సంగతి విని పైడిరాజు ఒక సాయంత్రం షెడ్డు మూసి వాళ్లింటికి వెళ్లాడు. మంగ గుమ్మంలోంచే పంపేసింది. మర్నాడు మళ్లీ వెళ్లాడు. చివరికి రానిచ్చింది. అతను మంచం కింద వెతికాడు, మూలలన్నీ చూశాడు, దుప్పటి దులిపాడు. "ఏమీ లేదమ్మా" అన్నాడు. ఆ రోజు నుంచి రోజూ అదే పని. అది చూడడానికి ఎవరూ రాలేదు, ఎవరూ వీడియో తియ్యలేదు.

వానలు వెళ్లాక ఒక సాయంత్రం అతను మూలలు వెతికి తిరిగి చూసేసరికి అచ్చియ్యమ్మకు నిద్ర పట్టేసింది. నోరు కొంచెం తెరుచుకుని, పసిపిల్లలా నిద్రపోతోంది. పైడిరాజు ఆమెకు దుప్పటి కప్పి, చప్పుడు చెయ్యకుండా బయటికి నడిచాడు.

సాయానికి వెళ్లినవాళ్ల చూపు ఆపదలో ఉన్నవాళ్ల మీదే ఉండాలి. మెచ్చుకునేవాళ్ల మీదికి మళ్లితే, ఆ సాయమే మరో ఆపద అవుతుంది.