పాన్ అడిగిన ఓడమనిషి

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో నూకరత్నం అని ఒకావిడ ఉండేది. మొగుడు సముద్రంలో చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు, పాపం. ఒంటరిది. కాళ్ళు దుప్పట్లో పెట్టుకోవే, చెబుతున్నా కదా.

ఒకసారి పెద్ద గాలివాన వచ్చింది. అప్పుడు ఎక్కడిదో ఓడ మునిగి, ఒక మనిషి ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. పిల్లికళ్ళవాడు, ఒళ్ళు కాలిపోయే జ్వరం. నూకరత్నం వాణ్ణి తన పాకలోకి చేర్చింది. వాడు కళ్ళు తెరిచి ఒక్కటే మాట అన్నాడు. "పాన్." కిళ్ళీ కాదే, నవ్వకు. వాడి భాష వేరు.

మొదటిరోజు గంజి పోసింది. కక్కేశాడు. రెండోరోజు చేపల పులుసు పెట్టింది. కారానికి కళ్ళనీళ్ళు పెట్టుకుని మొహం తిప్పేసుకున్నాడు. మూడోరోజు కొబ్బరినీళ్ళు పట్టింది. రెండు గుక్కలు దిగాయి, అంతే. ఎంతసేపూ "పాన్, పాన్" అని మూలుగుడే.

ఆ మూడు రోజులూ ఊళ్ళో ఒక్క వలలోనూ చేప పడలేదు. అప్పుడు ఊరిపెద్ద పోలయ్య కర్ర పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"వాడు పిలుస్తున్నది దెయ్యాన్నే. మధ్యాహ్నం ఆటు మొదలై నీళ్ళు వెనక్కి తీయగానే వాణ్ణి తెప్పమీద పడుకోబెట్టి సముద్రంలోకి తోసేస్తాం" అన్నాడు. మాటంటే మాటే ఆయనది.

నూకరత్నానికి తన మొగుడు గుర్తొచ్చాడు. ఆయన కూడా ఏ ఒడ్డునో ఇలాగే పడి ఉంటే, అక్కడివాళ్ళూ ఇలాగే తోసేశారేమో! తలుచుకుంటే ఏడుపొచ్చింది. ఏడుస్తూ కూర్చుంటే పొద్దు ఆగుతుందా?

ఆ తర్వాత వాడి పక్కన కూలబడి, "ఏం కావాలి నాయనా, చూపించు" అని చేతులు తిప్పింది. వాడు వణుకుతూ గాల్లోనే పిండి పిసికాడు. గుండ్రంగా చేశాడు. కింద మంట ఉందన్నట్టు వేళ్ళు ఆడించాడు.

"నా మతి మండా! రొట్టె కాబోలు!" అని లేచింది.

రుబ్బిపెట్టిన మినప్పిండి అంతా మూకుట్లో పోసి దిబ్బరొట్టె వేసింది. దిబ్బరొట్టెకి తొందర పనికొస్తుందా? మంట పెంచితే మాడుతుంది, తగ్గిస్తే ఉడకదు. బయట మగాళ్ళ గొంతులు దగ్గరకొస్తున్నాయి.

రొట్టె దించి వాడి చేతిలో పెట్టిందో లేదో, నలుగురు వచ్చి వాడి రెక్కలు పట్టి బయటికి లాగారు. రొట్టె జారి ఇసకలో పడింది. నూకరత్నం అడ్డం పడింది, ఎవరు వింటారు!

అప్పుడు వాడు ఒక్క గుంజు గుంజుకుని మోకాళ్ళమీద పడ్డాడు. రొట్టె తీశాడు. ఇసక ఊదాడు. ముద్దు పెట్టుకుని "పాన్" అన్నాడు.

పోలయ్య చెయ్యి ఎత్తి అందర్నీ ఆపాడు. ఎంత మొండివాడైనా, మెతుకు కింద పడితే తీసి కళ్ళకద్దుకోకుండా ఉండే మనిషి కాదాయన.

"అన్నంరా అది. మూడు రోజులుగా వీడు అడుగుతున్నది అన్నం" అన్నాడు.

అంతే కదమ్మా. పాన్ అంటే వాళ్ళ స్పెయిన్ దేశం మాటలో రొట్టె. మనం "అన్నం తిన్నావా" అంటే కూరా పులుసూ అన్నీ వచ్చినట్టే, వాళ్ళకీ పాన్ అంటే పొట్టకూడు. పాన్ సంపాదించుకోవడమంటే బతుకుతెరువు చూసుకోవడం.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? అంత ఆకలి మీదున్నవాడు రొట్టె విరిచి, పెద్ద ముక్క పోలయ్యకిచ్చాడు. తనని సముద్రంలోకి తోయబోయిన మనిషికి! పోలయ్య కర్ర పడేసి, ఇసకలోనే వాడి పక్కన చతికిలబడ్డాడు. ఊరంతా చూస్తుండగా ఆ ముక్క నములుతూ ఏడ్చేశాడు.

కథేమో కంచికి, కునుకేమో కంటికి!