ఓక్దాన్ అడ్డం పెట్టిన కాలు

అనగనగా ఒక ఊరు కాదు చిట్టీ, రెండు ఊళ్ళు. మధ్యలో ఒక వాగు. మెరక మీద ఉన్నది ఎగువూరు, పల్లంలో ఉన్నది దిగువూరు. మన దేశంలో కాదు, కొరియాలో. నువ్వు సాయంత్రాలు తెల్ల బట్టలు వేసుకుని వెళ్ళి కాళ్ళు ఎగరెయ్యడం నేర్చుకుంటున్నావే, అది పుట్టింది ఆ దేశంలోనే. అయితే ఇది ఇంకా పాతకాలం మాట.

అప్పట్లో వాళ్ళకి టెక్యాన్ అని ఒక కాళ్ళ కుస్తీ ఉండేది. కత్తీ లేదు, కర్రా లేదు. నేల మీద మూడు చుక్కల ముగ్గు ఉందనుకో. ఒక చుక్క మీంచి ఇంకో చుక్క మీదికి అడుగేస్తూ ఊగుతూ ఉంటారు. చూసేవాళ్ళకి చిందు వేస్తున్నట్టే ఉంటుంది. ఆ ఊగులాటలోనే చటుక్కున కాలు పెట్టి ఎదుటివాణ్ణి పడేస్తారు. ఎవరు ముందు నేల మీద పడితే వాళ్ళు ఓడినట్టు.

దిగువూళ్ళో ఆ విద్య నేర్పే గురువు పేరు చిల్సంగ్. ఆయనకి ఒక్కతే కూతురు, ఓక్దాన్. తల్లి లేని పిల్ల. నాన్న వాకిట్లో మగపిల్లలకి నేర్పుతుంటే, ఈ పిల్ల పక్కన నిలబడి అడుగులో అడుగు వేసేది. మొదట్లో ఆయన వద్దన్నాడు. ఆ తర్వాత చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఆ తర్వాత తనే పిలిచి నేర్పాడు.

ఆయన ఎవరికి నేర్పినా ముందు మూడు మాటలు చెప్పేవాడు. బరిలోకి దిగగానే ఎదుటివాడికి వంగి దణ్ణం పెట్టు. కోపం వస్తే ఆట ఆపెయ్యి. పడగొట్టు, పాడుచెయ్యకు. ఆ మూడోది ఏంటమ్మమ్మా అంటావా? మనిషిని పడేస్తే వాడు ఎక్కడ పడతాడో, ఎలా పడతాడో పడేసినవాళ్ళే చూసుకోవాలిట. ఆ కాసేపూ వాడి ఒళ్ళు నీ పూచీ అన్నమాట.

అప్పుడు ఒక ఏడు వానలు పడలేదు. వాగు సన్నటి దారంలా అయిపోయింది. నారుమళ్ళు నెర్రెలిచ్చాయి. వాగు మీద ఉన్నది ఒకటే తూము. ఆ నీళ్ళు ఎగువకి తిప్పితే ఎగువూరి నారు బతుకుతుంది, పల్లానికి వదిలితే దిగువూరి నారు బతుకుతుంది. రెండిటికీ చాలే నీళ్ళు లేవు. నారు పోతే ఆ ఏడంతా పస్తులే.

రెండూళ్ళ వాళ్ళూ పారలు పట్టుకుని తూము దగ్గర ఎదురుపడ్డారు. అప్పుడు రెండూళ్ళూ మాట వినే ఒక ముసలాయన మధ్యలోకి వచ్చాడు. "తలలు పగలగొట్టుకోవద్దు. పండక్కి ఎలాగూ కాళ్ళ కుస్తీ పెట్టుకుంటాం కదా. ఎవరు గెలిస్తే వాళ్ళకే నీళ్ళు," అన్నాడు. అందరూ పారలు దించారు.

పండగ రోజు వాగు ఒడ్డున, తూము పక్కనే ఇసకలో బరి గీశారు. ఎగువూరి నుంచి మక్సే దిగాడు. కొండ మీద కట్టెలు కొట్టే మనిషి. తలుపంత వెడల్పు. అతన్ని అంతవరకూ ఎవరూ పడెయ్యలేదు. అందుకని దిగువూరి నుంచి ముగ్గురు దిగొచ్చు అనుకున్నారు. ఆ ముగ్గురిలో ఎవరు మక్సేని పడేసినా నీళ్ళు దిగువూరివి. ముగ్గురూ పడితే ఎగువూరివి.

మొదట కుమ్మరి దిగాడు. దణ్ణం పెట్టి లేచాడో లేదో కింద ఉన్నాడు. ఆ తర్వాత పడవ నడిపేవాడు దిగాడు. కాసేపు ఊగాడు పాపం, అతనూ కింద ఉన్నాడు. ఇక మిగిలింది గురువు చిల్సంగ్. ఆయన లేవబోయాడు. నడుం పట్టేసింది. చెయ్యి పట్టుకుని లేపినా నిలబడలేకపోయాడు. దిగువూరి వాళ్ళ మొహాలు పాలిపోయాయి.

అప్పుడు ఓక్దాన్ లంగా ఎగదోపి నడుముకి బిగించి బరిలోకి వచ్చింది.

ఆడపిల్ల బరిలోకి దిగడం ఆ చుట్టుపక్కల ఎవరూ కనీ వినీ ఎరగరు. ముసలాయన చిల్సంగ్ వైపు చూశాడు. "దానికి వచ్చు," అన్నాడు చిల్సంగ్. అంతే.

మక్సే నవ్వలేదు. వంగి దణ్ణం పెట్టాడు. ఓక్దాన్ కూడా పెట్టింది. ఇద్దరూ ఊగడం మొదలుపెట్టారు. మక్సే కాలు విసిరాడు, ఆమె అక్కడ లేదు. మళ్ళీ విసిరాడు, మళ్ళీ లేదు. అలా చుట్టూ తిప్పుకుంటూ అతని వీపు బరి అంచు వైపుకి వచ్చేలా చేసింది. అతను మూడోసారి కాలు ఎత్తగానే, నేల మీదున్న రెండో కాలిని తన పాదంతో లాగేసింది.

మక్సే వెనక్కి ఒరిగిపోయాడు. దిగువూరి వాళ్ళంతా ఒక్కసారి లేచారు. అప్పుడు చూసింది ఓక్దాన్. బరి అంచు అవతల తూము రాయి ఉంది. కోసుగా ఉంది. అతని తల సరిగ్గా దాని మీదికే పోతోంది.

ఆలోచించడానికి వ్యవధి ఎక్కడిది చిట్టీ. నేల మీదికి జారి, అతని తలకీ రాయికీ మధ్య తన కాలు పెట్టేసింది. ఆమె ముందు పడింది. ఆమె కాలి మీద అతను పడ్డాడు. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది.

భయపడకు, ఇలా దగ్గరికి రా. ఎవరూ చచ్చిపోలేదు. విరిగింది ఓక్దాన్ కాలు.

ఎవరికీ ఏం చూశారో అర్థం కాలేదు. గెలిచిన పిల్ల కింద ఉంది. ముందు నేల తాకిన పిల్ల ఓడినట్టే లెక్క. దిగువూరి నుంచి ఒకావిడ, చంకలో పసిపిల్ల ఉన్నావిడ, ముందుకొచ్చి, "ఎగువూరివాడి తల నీకంత ముద్దయిందా? దీనికి నేనేం పెట్టాలి?" అని అడిగింది. ఓక్దాన్ ఆ పసిదాని వంక చూసింది. కాలి నొప్పికి కాదు, ఆ మాటకి ఏడ్చింది.

అప్పుడు మక్సే లేచాడు. తల తడుముకున్నాడు. రాయి వంక చూశాడు. "పడింది నేను. ఈ పిల్లే నన్ను పడేసింది. నీళ్ళు దిగువూరివి," అన్నాడు.

ఎగువూరి వాళ్ళకి పిడుగు పడ్డట్టయింది. అతని అన్నే వచ్చి భుజం పట్టుకుని కుదిపాడు. అతను మాట మార్చలేదు.

ఆ తర్వాత ఓక్దాన్ మోచేతుల మీద లేచి, "కాదు పెద్దాయనా, ముందు నేల తాకింది నేను. అబద్ధమాడి తెచ్చిన నీళ్ళు మాకొద్దు," అంది.

ముసలాయన అలాగే ఇసకలో కూలబడ్డాడు. "నేను గెలిచానంటే నేను గెలిచానని కొట్టుకునేవాళ్ళకి తీర్పు చెప్పాను. నేను ఓడానంటే నేను ఓడానని పోట్లాడేవాళ్ళకి ఏం చెప్పాలో నాకు తెలీదు," అన్నాడు. ఆ తర్వాత లేచి, తనే వెళ్ళి తూము సగం ఎగువకి, సగం పల్లానికి తిప్పాడు. ఎవరూ అడ్డం రాలేదు.

ఆ ఏడు రెండూళ్ళకీ సగం పంటే పండింది చిట్టీ. పొద్దున గంజి, సాయంత్రం దుంపలు. కడుపు నిండా ఎవరూ తినలేదు. పస్తు కూడా ఎవరూ ఉండలేదు.

ఆ రోజు సంగతి ఇంకొంచెం ఉంది. ఓక్దాన్ నడవలేదు కదా. మక్సే ఆమెని వీపు మీద ఎక్కించుకుని వాగు దాటించాడు. నీళ్ళ గొడవ మొదలయ్యాక ఎగువూరివాడు దిగువూళ్ళో కాలు పెట్టడం అదే మొదలు. జనం రెండు పక్కలా బొమ్మల్లా నిలబడిపోయారు. చిల్సంగ్ ఇంటి ముందు ఆమెని దించి, అరుగు మీద కూర్చోబెట్టాడు.

చిల్సంగ్ ఊతకర్ర పట్టుకుని వచ్చాడు. అందరూ తిడతాడనుకున్నారు. ఆయన కర్ర పక్కన పెట్టి, మోకాళ్ళ మీద వంగి, నుదురు నేలకి ఆనించి కూతురికి దణ్ణం పెట్టాడు.

తండ్రి కూతురికి మొక్కడమా అని జనం నిర్ఘాంతపోయారు. ఓక్దాన్ హడలిపోయింది. "నాన్నా, లే. నాకు మొక్కుతావేంటి," అంది.

ఆయన తల ఎత్తలేదు. "నీ చోట నేనుంటే కాలు పెట్టేవాణ్ణి కాదు తల్లీ. మన ఊరి నారు తలుచుకుని, అతన్ని ఆ రాయి మీద పడనిచ్చేవాణ్ణి," అన్నాడు.

మక్సే అక్కడే నిలబడి విన్నాడు. అతను కూడా ఆయన పక్కన మోకరించాడు.

కథ వాగు దాటింది, కంచి దారి పట్టింది,
దుప్పటి మీదికొచ్చింది, మన ఇల్లు నిద్రోయింది.