తోక వంకర విమానాలు

కాజీపేట రైల్వే క్వార్టర్ల దగ్గర కోదండపాణి అనే డ్రాయింగు మాస్టారు ఉండేవాడు. ఎవరు ఏం చేసి చూపించినా ఆయన కంటికి ముందుగా అందులోని తప్పే కనిపించేది. బడిలో పిల్లలు గీసిన బొమ్మలు దిద్దీ దిద్దీ ఆ అలవాటు పట్టుకుంది. రిటైరయ్యాక కూడా వదల్లేదు. హోటల్లో దోసె తెచ్చిపెడితే గుండ్రంగా రాలేదనేవాడు. పెళ్ళికి వెళితే పందిరి గుంజలు నిలువుగా లేవని పక్కవాళ్ళకు చూపించేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఒకరిని మోసం చేసి ఎరగడు. తప్పు కంటపడితే మాత్రం నోరు ఊరుకునేది కాదు.

అదే ఊళ్ళో దేవసహాయం ఉండేవాడు. రైలింజన్లు బాగుచేసే లోకో షెడ్డులో ముప్పై నాలుగేళ్ళు ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఇనుప సామాను మధ్య అరిగిన చేతులు ఖాళీగా ఉండలేక ఏదో ఒక పని వెతుక్కుంటూ ఉండేవి. ఒకరోజు స్టేషను ఎదుటి బొమ్మల కొట్లో ఆయనకు ప్లాస్టిక్ విమానాల కిట్లు కనిపించాయి. ఒక్కొక్కటీ అరచేతిలో పట్టేంత చిన్నది. రెక్కలు, తోక, చక్రాలు అన్నీ ఒక ప్లాస్టిక్ చట్రానికి అంటుకుని ఉంటాయి. వాటిని కత్తిరించి, జిగురుతో అతికించి, రంగు వేసుకోవాలి. కొట్లో ఉన్నవాటిలో అన్నిటికంటే చవకరకం అవే. అంచులు గరుకుగా, రెక్కలు మొద్దుగా ఉండేవి. అయినా దేవసహాయానికి తెగ నచ్చాయి. ఆయన వాటిని కొన్నది అద్దాల బీరువాలో పెట్టుకోవడానికి కాదు, ఆడుకోవడానికి.

బల్ల మీద బొమ్మ విమానాలతో యుద్ధం ఆడే పద్ధతి గురించి ఆయన ఎప్పుడో ఒక పాత ఇంగ్లీషు పత్రికలో చదివాడు. దాన్ని తనకు తోచినట్టు మార్చుకున్నాడు. నీలం గుడ్డ ఆకాశం. దాని నిండా తేనెపట్టులో ఉన్నట్టు గళ్ళు. ప్రతి విమానాన్నీ ఒక ఇనుప తీగ చివర నిలబెట్టి, తీగ అడుగున చెక్క బిళ్ళ బిగించాడు. ఎవరి విమానం ఎటు తిరుగుతుందో ముందే చీటీ మీద రాసుకోవాలి. చీటీలు ఒకేసారి విప్పాలి. శత్రువు ఎదురుగా దొరికితే దెబ్బ తగిలిందో లేదో తేల్చడానికి పాచికలు వెయ్యాలి. దెబ్బతిన్న విమానం తోకకు నల్లరంగు పూసిన దూది తగిలించాలి. అది పొగ.

గుడ్డ మీద ఆ గళ్ళు సరిగ్గా గీయడం దేవసహాయం వల్ల కాలేదు. డ్రాయింగు మాస్టారి సాయం అడిగాడు. అలా కోదండపాణి ఆ ఆటలోకి వచ్చాడు. గడియారాలు బాగుచేసే హబీబుద్దీన్, ఫోటో స్టూడియో పాపిరెడ్డి కూడా వచ్చి కలిశారు. రైల్వే వాళ్ళ క్లబ్బులో వెనక గది ఒకటి ఎప్పుడూ ఖాళీగా ఉండేది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నలుగురూ అక్కడ చేరేవాళ్ళు. అందరూ అరవై దాటినవాళ్ళే. అయినా చీటీ విప్పగానే ఎదుటివాడి విమానం తన వెనకే ఉందని తెలిస్తే చిన్నపిల్లల్లా గోల చేసేవాళ్ళు. విమానాలు కింద పడేవి. రెక్క ఊడితే దేవసహాయం జేబులోంచి జిగురు తీసి అక్కడికక్కడే అతికించేవాడు. రెండేళ్ళు అలా గడిచాయి. కోదండపాణి భార్య పోయి అప్పటికి చాలాకాలమైంది. వారంలో ఆయన నవ్వేది ఆ ఒక్క పూటే.

తరవాత ఆయన పోస్టులో ఖరీదైన కిట్లు తెప్పించుకోవడం మొదలుపెట్టాడు. ఒక్కో విమానానికి నెల పట్టేది. తుపాకి గొట్టాలు వెంట్రుకలంత సన్నగా ఉండేవి. లోపల కూర్చున్న పైలట్ మొహానికి కూడా రంగు వేసేవాడు. చూసి ముగ్గురూ ముచ్చటపడ్డారు. దేవసహాయం ఆ విమానం చుట్టూ తిరిగి చూసి, ఇది సార్ పని, మనది షెడ్డు పని అని నవ్వాడు. కానీ అంత సున్నితమైన వస్తువు ఆటలో చేతులు మారితే నిలుస్తుందా? రెండో వారానికే ఒక చక్రం ఊడింది. అప్పట్నుంచి కోదండపాణి షరతులు పెట్టసాగాడు. విమానాన్ని ముట్టుకోకూడదు, చెక్క బిళ్ళ పట్టుకునే జరపాలి. బల్ల దగ్గర టీ తాగకూడదు. గట్టిగా పాచికలు వెయ్యకూడదు. ఆ పైన ఆయన చూపు చవకరకం విమానాల మీద పడింది. ఈ రెక్క చివర గుండ్రంగా ఉండాలి, ఇది చదరంగా ఉంది. ఈ పచ్చ ఆ కాలంలో ఏ విమానానికీ వెయ్యలేదు. ఇలా ప్రతి వారం ఏదో ఒకటి అనేవాడు. ఆయన చెప్పింది ఎప్పుడూ నిజమే. అందువల్ల ఎవరూ ఎదురు చెప్పలేకపోయేవాళ్ళు. పాపిరెడ్డి స్టూడియోలో పని ఉందని చెప్పి రావడం తగ్గించాడు.

ఆ రోజుల్లోనే దేవసహాయం చేతులు వణకడం మొదలైంది. కోదండపాణి చూశాడు గాని వయసు అనుకున్నాడు. ఏమైందని అడగలేదు. ఒక ఆదివారం దేవసహాయం తన విమానాన్ని జరపబోతుంటే చెయ్యి అదిరి కోదండపాణి విమానానికి తగిలింది. అది పక్కకు ఒరిగి, రెండు తుపాకి గొట్టాలు విరిగాయి. దేవసహాయం మొహం పాలిపోయింది. క్షమించమని అడిగాడు. ముక్కల కోసం నేల మీద వంగి వెతకసాగాడు.

"చేతులు కుదురుగా లేనివాళ్ళు కాస్త దూరంగా కూర్చుంటే బాగుంటుంది," అన్నాడు కోదండపాణి.

దేవసహాయం లేచి వెళ్ళి గోడవార కుర్చీలో కూర్చున్నాడు. మరుసటి ఆదివారం రాలేదు. ఆ పై వారమూ రాలేదు. ఒకసారి ఇంటికి వెళ్ళి పలకరించి రమ్మని హబీబుద్దీన్ రెండుసార్లు చెప్పాడు. కోపం తగ్గితే ఆయనే వస్తాడులెమ్మని కోదండపాణి ఊరుకున్నాడు. దేవసహాయం ఇల్లు నాలుగు వీధుల అవతలే.

మూడు నెలల తరవాత దేవసహాయం నిజంగానే వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. అడుగులు చిన్నవిగా పడుతున్నాయి. చేతిలో మిఠాయి పెట్టె ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి మూత తీశాడు. లోపల దూది పరిచి, దాని మీద ఎనిమిది విమానాలు వరసగా పేర్చి ఉన్నాయి. మళ్ళీ ఆ చవకరకం కిట్లే. ఈసారి రెక్కల చివరలు ఆకురాయితో అరగదీసి గుండ్రంగా చేశాడు. పచ్చరంగు మార్చాడు. కోదండపాణి ఇన్నాళ్ళూ చెప్పిన తప్పులన్నీ గుర్తుపెట్టుకుని దిద్దుకున్నాడని చూడగానే తెలిసిపోతోంది.

"ఎనిమిది ఉన్నాయి సార్," అన్నాడు దేవసహాయం. "మీరొకసారి చూడండి. ఆటలో పెట్టుకోవచ్చంటే పెట్టుకుంటాను."

కోదండపాణి కళ్ళజోడు సవరించుకున్నాడు. ఒక్కొక్కదాన్నీ చేతిలోకి తీసుకుని వెలుతురుకేసి తిప్పి చూశాడు. అతుకుల దగ్గర జిగురు పొంగింది. రంగు గీతలు అలల్లా వచ్చాయి. ఒకదాని తోక పక్కకు ఒరిగింది. మరొకదాని రెక్కలు ఒకటి పైకి, ఒకటి కిందికి ఉన్నాయి. హబీబుద్దీన్ ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని లాగాడు. ఏమీ అనొద్దన్న సైగ అని కోదండపాణికి అర్థమైంది. అయినా అప్పటికే నోట్లోకి వచ్చిన మాటను మింగలేకపోయాడు.

"తోక వంకర, రెక్క వంకర. వీటిని బల్ల మీద పెడితే ఆట నవ్వులపాలవుతుంది. ఎవరి పిల్లలకైనా ఇచ్చెయ్యండి," అన్నాడు.

దేవసహాయం సరేనన్నట్టు తల ఊపాడు. విమానాలను మళ్ళీ దూదిలో సర్దడానికి చాలాసేపు పట్టింది. హబీబుద్దీన్ సాయం చెయ్యబోతే వద్దన్నాడు. ఆట అయ్యేదాకా అక్కడే కూర్చుని చూశాడు. ఎవరి విమానమో కూలితే చిన్నగా నవ్వాడు. సాయంత్రం పెట్టె చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ తరవాత ఆ గదిలో అడుగుపెట్టలేదు.

వానలు మొదలైన రోజుల్లో హబీబుద్దీన్ కోదండపాణిని బజారులో నిలబెట్టి అసలు సంగతి చెప్పాడు. దేవసహాయానిది వయసు వణుకు కాదు, నరాల జబ్బు. తగ్గేది కాదట. కాని వేళ్ళకు పని చెబుతున్నంత కాలం నెమ్మదిగా ముదురుతుందని హనుమకొండ డాక్టరు చెప్పాడట. ఇప్పుడు చెంచా కూడా పట్టుకోలేకపోతున్నాడట. కోదండపాణి కూరల సంచీ కింద పెట్టాడు. తనకెందుకు చెప్పలేదని అడిగాడు.

"మీతో చెప్పొద్దన్నాడు," అన్నాడు హబీబుద్దీన్. "సార్ జాలిపడి బాగున్నాయంటే నాకు వద్దు, నిజంగా బాగున్నాయనాలి అన్నాడు."

కోదండపాణి ఇంటికి వెళ్ళలేదు. నేరుగా స్టేషను ఎదుటి కొట్టుకు వెళ్ళి ఆ చవకరకం కిట్టు ఒకటి కొన్నాడు. అది పట్టుకుని దేవసహాయం ఇంటికి వెళ్ళాడు. ఆయన భార్య కరుణమ్మ తలుపు తీసింది. దేవసహాయం మంచం మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. చేతులు రెండూ దుప్పటి మీద వాటంతట అవే కదులుతున్నాయి. మాస్టారిని చూసి లేవబోయి, లేవలేక, కూర్చోమని కళ్ళతో చూపించాడు.

ఆ ఎనిమిది విమానాలూ ఇమ్మని, వచ్చే ఆదివారం వాటితోనే ఆడదామని కోదండపాణి అడిగాడు. కరుణమ్మ తల వంచుకుంది. ఆ రోజు ఇంటికి రాగానే వాటిని పొయ్యిలో వేసేశాడని చెప్పింది. ఒక్కొక్కదానికీ పది పన్నెండు రోజులు పట్టిందట. చక్రం చేతిలోంచి జారితే గదంతా పాకి వెతుక్కునేవాడట. ఆమె పట్టుకుంటానంటే ఒప్పుకునేవాడు కాదట.

"జబ్బు మీ వల్ల రాలేదు సార్," అంది కరుణమ్మ. "కానీ ఆ చేతులు ఆ రోజే పని మానేశాయి. మళ్ళీ దేన్నీ పట్టుకోలేదు."

కోదండపాణి తన తప్పేనని, అలా అనకుండా ఉండాల్సిందని చెప్పుకొచ్చాడు. దేవసహాయం విన్నాడు. ఆయన గొంతు బాగా తగ్గిపోయింది.

"మీరన్నది నిజమే కదా సార్," అన్నాడు. "తోక వంకరగానే వచ్చింది."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. అది ఉంటే కోదండపాణికి కొంత ఊరటగా ఉండేది. ఏం చెయ్యాలో తోచక కిట్టు పొట్లం విప్పాడు. చట్రం నుంచి ఒక రెక్క కత్తిరించి దేవసహాయం వేళ్ళ మధ్య పెట్టాడు. ఇద్దరం కలిసి చేద్దామన్నాడు. వేళ్ళు మూసుకోలేదు. రెక్క దుప్పటి మీద పడింది. తీసి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పడింది. మూడోసారి తన చేత్తో ఆ వేళ్ళను మూసి పట్టుకున్నాడు. ఆ వేళ్ళ వణుకు ఆయన చేతిలోకీ పాకింది. చెయ్యి తియ్యగానే రెక్క జారి నేల మీద పడింది.

"వద్దు సార్," అన్నాడు దేవసహాయం. మొహం పక్కకు తిప్పుకున్నాడు.

కోదండపాణి ఆ తరవాత ప్రతిరోజూ వెళ్ళాడు. గంటల తరబడి మంచం పక్కన కూర్చునేవాడు. దేవసహాయం వాతావరణం గురించి ఒక మాట, రైళ్ళ గురించి ఒక మాట మర్యాదగా మాట్లాడేవాడు. విమానాల మాట ఎప్పుడూ ఎత్తలేదు. నవంబరులో ఊపిరితిత్తులకు నెమ్ము చేసింది. నాలుగు రోజులకే పోయాడు. చర్చి పక్కన సమాధుల తోటలో శవపెట్టెను దించుతుంటే కోదండపాణి కూడా తాడు పట్టుకోవాలని ముందుకు వెళ్ళాడు. దేవసహాయం అన్న కొడుకు, మీరు పెద్దవారు, దూరంగా ఉండండి సార్ అని గౌరవంగానే పక్కకు పంపేశాడు.

ఆ ఆదివారం కోదండపాణి క్లబ్బు గదికి వెళ్ళి నీలం గుడ్డ పరిచాడు. పాపిరెడ్డి రాలేదు. హబీబుద్దీన్ వచ్చాడు గాని కూర్చోలేదు. ఆడదామా అని మాస్టారు అడిగాడు. హబీబుద్దీన్ బల్ల మీది అందమైన విమానాలను చూశాడు.

"నేను విమానాల కోసం రాలేదు మాస్టారూ. ఆయన కోసం వచ్చేవాణ్ణి," అని వెళ్ళిపోయాడు.

మరో ఐదారు వారాలు కోదండపాణి ఒక్కడే వెళ్ళి కూర్చున్నాడు. తన చీటీ తనే రాసుకుని తనే విప్పుకున్నాడు. రెండువైపులా ఆయనే గెలిచాడు, ఆయనే ఓడాడు. ఆ చలికాలం గడిచేసరికి క్లబ్బు వాళ్ళు ఆ గదిలో క్యారమ్ బోర్డులు వేసుకుంటామని అడిగారు. ఆయన కాదనలేదు. ఆ తరవాత ఆదివారాలు ఆయన ఇంట్లోనే గడిచేవి. ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. ఎవరినైనా పిలిచి నేను మారానని చెబుదామంటే, ఆ మాట వినవలసిన మనిషి ఒక్కడే. అతను లేడు.

ఎదుటివాడి పనిలో తప్పు ఎంచే ముందు ఆ పని చేసిన చేతులను చూడాలి. అలా చూడలేనివాడు చెప్పింది నిజమే అయినా, దాన్ని వినడానికి చివరికి మనిషి మిగలడు.