పక్క బండిలో పలికిన అన్న

సాలూరు లారీ స్టాండులో గౌరునాయుడు అనే డ్రైవరు ఉండేవాడు. ఎవరు ఏది చెప్పబోయినా సగంలోనే ఆపి "నాకు తెలుసు" అనడం అతని జబ్బు.

స్టీరింగు దగ్గర మాత్రం అతనికి సాటి వచ్చేవాడు ఈ భూమ్మీద పుట్టలేదు. నిండు లోడుతో అతను ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే మలుపులు వాటంతటవే సాఫీ అయ్యేవి. ఎదురొచ్చిన మబ్బులు హారన్ విని పక్కకు తప్పుకునేవి. ఒకసారి బ్రేకులు పోయిన బండిని ఒట్టి గేర్లతోనే కొండ దింపి, దారికి అడ్డంగా పడుకున్న గేదె తోక దగ్గర ఆపాడు. ఆ గేదె నెమరు వేయడం కూడా మానలేదు!

అంతటి మొనగాడు ఎవరినైనా దారి అడగాలంటే మాత్రం నామోషీ పడేవాడు. మేనకోడలి పెళ్ళికి చుట్టాల బస్సును తానే నడిపాడు. ఎవరినీ దారి అడగకుండా జిల్లాలకు జిల్లాలే చుట్టబెట్టి, ముహూర్తం దాటాక అందరినీ పందిట్లో దించాడు. అతని అన్న రామినాయుడికి ఒళ్ళు మండింది.

"తెలీదని ఒక్క ముక్క అంటే నీ నోటి ముత్యాలు రాలిపోతాయేట్రా?" అని అందరి ముందూ కేకలేశాడు.

ఆ రోజు నుంచి గౌరునాయుడు అన్నతో మాట మానేశాడు. ఏళ్ళు గడిచాయి. అన్న ఎప్పుడు ఫోన్ చేసినా ఎత్తలేదు.

ఇలా ఉండగా లారీల యజమాని కొత్త బండి కొని గౌరునాయుడికి ఇచ్చాడు. గౌరునాయుడు అంతవరకు నడిపిన పాత బండిని తోటి డ్రైవరు సత్తిబాబుకు అప్పగించాడు. వాళ్ళిద్దరికీ చుట్టరికం లేకపోయినా బావా అంటే బావా అని పిలుచుకునేవారు. ఘాట్ ఎక్కే బండ్లు జంటగా వెళ్ళాలనీ, ఒకటి ఆగినచోట రెండోది పక్కనే ఆగాలనీ యజమాని నియమం పెట్టాడు.

పాత బండిలో లాగే కొత్త బండిలోనూ ఫోన్ మాటలు స్పీకర్లలో వినిపించే బ్లూటూత్ ఉంది. షోరూం అమ్మాయి దాని సంగతి చెప్పబోయింది.

"బాబాయ్ గారూ, మీ ఫోన్‌లో పాత బండి పేరు ఉంటే ముందు దాన్ని..."

"తెలుసమ్మా, తెలుసు!" అన్నాడు గౌరునాయుడు.

అతనే ఏవో బొత్తాలు నొక్కాడు. బండి తెర మీదా ఫోన్ మీదా ఒకే అంకెలు వచ్చాయి. సరే అని నొక్కగానే పాట మోగింది. ఆ మోతకు స్టాండులోని లారీలన్నీ హెడ్‌లైట్లు వెలిగించి దండం పెట్టాయి! గౌరునాయుడు మీసం తిప్పాడు.

కొత్త బండి తొలి ప్రయాణానికి బెల్లం లోడు దొరికింది. గౌరునాయుడు ముందు బయలుదేరాడు. సత్తిబాబు పాత బండి చాలా వెనక ఉంది. దారిలో ఫోన్ మోగింది. వదిన గొంతు కేబిన్‌లో గంటలా వినిపించింది.

"గౌరూ, మీ అన్నకు ఇవాళ గుండె ఆపరేషను. గట్టెక్కుతాడో లేదో డాక్టర్లే చెప్పలేకపోతున్నారు. లోపలికి తీసుకెళ్ళే ముందు నీతో ఒక్క మాట మాట్లాడతాడట. ఈసారైనా ఎత్తు బాబూ."

"ఎత్తుతాను వదినా," అన్నాడు గౌరునాయుడు. కొండంత పంతం వెన్నలా కరిగింది. అన్న ఫోన్ చేయగానే తప్పు నాదేనని చెప్పేయాలనుకున్నాడు.

కొండ కింద హోటల్ దగ్గర అతను బండి ఆపి ఇంజను కట్టేశాడు. కాసేపటికి సత్తిబాబు బండి వచ్చి పక్కనే ఆగింది. కిందకు దిగినా సత్తిబాబు పాటలు ఆపేవాడు కాదు. పాట ఆగితే బండి అలుగుతుందనేవాడు. అతను ముఖం కడుక్కోవడానికి కుళాయి వైపు వెళ్ళాడు.

అంతలో యజమాని ఫోన్ చేశాడు. గౌరునాయుడు కేబిన్‌లో కూర్చుని ఎత్తాడు. చడీచప్పుడూ లేదు. తాళం తిప్పి కొత్త బండిలో తెర వెలిగించాడు. అయినా మాట రాలేదు. ఫోన్ చెవికి ఆనించినా అంతే. చివరికి అతను ఫోన్‌ను తిట్టడం మొదలుపెట్టాడు. సత్తిబాబు తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏటి బావా, పాపం ఆ ఫోన్ ఏం చేసింది?"

"కొత్త బండి కదా, దిష్టి తగిలింది," అన్నాడు గౌరునాయుడు. ఆపరేషనుకు ముందు అన్న ఫోన్ చేస్తాడని కూడా చెప్పాడు. నిమ్మకాయ తెచ్చి తెర చుట్టూ తిప్పి, టైరు కింద పెట్టి తొక్కించాడు.

సత్తిబాబు పగలబడి నవ్వాడు. "బ్లూటూత్‌కి దిష్టేటి బావా! ఇలా తే, నేను చూస్తాను."

"నువ్వు నాకు నేర్పుతావా? నాకు తెలుసు."

"పోనీ, అన్న మాట్లాడేవరకు ఆ బ్లూటూత్ ఆపేసి ఫోన్‌లోనే మాట్లాడుకో."

"కొత్త బండి ఎక్కి బ్లూటూత్ ఆపేయాలా? స్టాండులో నవ్విపోరూ? నువ్వెళ్ళి పెసరట్టు తిను."

"సరే, నీ ఇష్టం," అని సత్తిబాబు హోటల్లోకి వెళ్ళిపోయాడు.

అప్పుడు ఫోన్ మోగింది. ఫోన్ మీద అన్న పేరు పడింది. గౌరునాయుడు కేబిన్ అద్దాలు మూసుకుని ఎత్తాడు.

"అన్నా!"

అతను ఫోన్‌ను చెవికి అదుముకున్నాడు.

"అన్నా, నేనే, గౌరుని. తప్పు నాదేనన్నా. నన్ను మన్నించు. నువ్వు బాగై ఇంటికి రా. వినిపిస్తోందా? ఒక్కసారి పలుకన్నా!"

అవతల నిశ్శబ్దం. ఫోన్ మీద సెకన్లు మాత్రం నడుస్తున్నాయి. అతను ఫోన్‌ను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చాడు. బండి తెరను కొట్టాడు, అరిచాడు. ఆ అరుపుకు కొండలు బదులు పలికాయి గానీ అన్న పలకలేదు. చివరికి ఫోన్ కట్ అయింది. మొనగాడి నుదుటి మీద చెమటలు పట్టాయి.

పక్కనున్న తన బండిలోంచి దూకి సత్తిబాబు పరుగున వచ్చాడు. అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"బావా, మా బండిలో పాట ఉన్నట్టుండి ఆగిపోయింది. ఏటా అని వెళ్ళి చూశాను. మీ అన్న... నా స్పీకర్లలో మాట్లాడుతున్నాడు."

కొత్త బండి ఇంజను ఆగి ఉండగా పాత బండి పక్కకు రావడంతో, గౌరునాయుడి ఫోన్ పాత అలవాటు కొద్దీ దాన్నే పట్టుకుని ఇక వదల్లేదని సత్తిబాబు చెప్పాడు. అన్న మాటలు ఆ ఖాళీ కేబిన్‌లో పలికాయి. గౌరునాయుడి మాటలు అన్నకు చేరనేలేదు.

"ఏటన్నాడు?" అన్నాడు గౌరునాయుడు గుడ్ల నీరు కుక్కుకుంటూ.

సత్తిబాబు తల వంచుకున్నాడు. "నేను వెళ్ళేసరికి పిలుస్తూనే ఉన్నాడు. 'ఎత్తి కూడా మాట్లాడవా? నా మీద ఇంకా అంత కోపమేట్రా?' అన్నాడు. 'అన్నా, గౌరు ఇక్కడే ఉన్నాడు' అని అరిచాను. అప్పటికే పెట్టేశాడు."

గౌరునాయుడు ఫోన్ అతని చేతికిచ్చాడు. సత్తిబాబు అందులోంచి పాత బండి పేరు తీసేసి, కొత్త బండితో మళ్ళీ కలిపాడు. చిటికెలో పని అయిపోయింది. అన్నకు ఫోన్ చేస్తే వదిన ఎత్తింది.

"ఇప్పుడే లోపలికి తీసుకెళ్ళిపోయారు, గౌరూ. నువ్వు పలకలేదని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు."

"నేను పలికాను వదినా! నా మాట ఆయనకు వినబడలేదు!"

"బయటికి వచ్చాక నువ్వే చెప్పుకో బాబూ."

గౌరునాయుడు ఆసుపత్రి వైపు బండి తిప్పాడు. తుఫానులో కూడా బెదరని ఆ చేతులు నున్నటి రోడ్డు మీద స్టీరింగును పట్టుకోలేకపోయాయి. దారి పొడవునా అన్నతో చెప్పాల్సిన మాటలు పైకే చెప్పుకుంటూ పోయాడు.

సగం దారిలో ఫోన్ మోగింది. కొత్త బండి స్పీకర్లు ఈసారి ఒక్క అక్షరం కూడా మింగలేదు. "మీ అన్న ఇక లేడు, గౌరూ!" అన్న వదిన ఏడుపు కేబిన్ నిండా మోగింది. ఆ గొంతు తగ్గించడానికి ఏ బొత్తాం నొక్కాలో అతనికి తోచలేదు. బండి రోడ్డు వారకు తీసి, స్టీరింగు మీద తల పెట్టుకుని మొత్తం విన్నాడు.

నీతి: తెలియని పనిని తెలుసని బుకాయించేవాడు సాయం చేసేవారి మాటను, తనవారి మాటను కూడా పోగొట్టుకుంటాడు, కాబట్టి తెలియనప్పుడు సిగ్గుపడకుండా, ఆలస్యం కాకముందే అడిగి తెలుసుకోవాలి.