ఉద్దిలేని జట్టు

అనగనగా సముద్రం ఒడ్డున ఒక చిన్న రాజ్యం. ఇది నాలుగేళ్ల ముచ్చట పిల్లలూ. ఏ ఏడు ముందో, ఏ ఏడు వెనకో చెప్పడంలో ఎక్కడైనా తడబాటు వస్తే మీరే సర్దుకుని వినండి. వేరుశనగ తొక్కల సంగతి మాత్రం తప్పిపోదు.

ఆ రాజ్యంలో నాలుగు ఊళ్లు ఉండేవి.

మగ్గాలపేటలో నేతగాళ్లు. పొద్దంతా మగ్గం గుంటలోకి కాళ్లు దించి, ఎడమ, కుడి, ఎడమ, కుడి అని చెక్కలు తొక్కీ తొక్కీ వాళ్ల పాదాలకు ఒక లయ పట్టుబడింది. కాలిబంతి ఆడితే బంతి వాళ్ల కాళ్లకు దారంలా చుట్టుకునేది. వలలపాలెంలో జాలర్లు. గాలిలో ఎగిరేదాన్ని కంటితోనే పట్టేసేవాళ్లు. మందలపల్లెలో మేకల కాపరులు. గుట్ట ఎక్కి దిగినా వాళ్లకు ఆయాసమంటే ఏమిటో తెలియదు.

నాలుగోది రేవుపట్నం. అక్కడ ఓడలు, గిడ్డంగులు, లవంగాల బస్తాలు. అక్కడివాళ్లకు కూర్చుని బేరమాడడం వచ్చినంత బాగా పరిగెత్తడం రాదు.

ఏటా కోతలు అయ్యాక, కోట ముందరి మైదానంలో నాలుగు ఊళ్లూ కాలిబంతి ఆడేవి. గెలిచిన ఊరికి రాజుగారు వెండి బిందె ఇచ్చేవారు. ఎవరు గెలుస్తారో ఆఖరి గోలు దాకా ఎవరికీ తెలిసేది కాదు.

మైదానం వాకిట్లో, జనం చెప్పులు విడిచే చోట, సింగారమ్మ గంప పెట్టుకుని ఇసుకలో వేయించిన వేరుశనగకాయలు అమ్మేది. ఆమె ఆట చూసేది కాదు. చూడనక్కర్లేదు.

"ఆట బాగుంటే చెయ్యి ఊరుకోదు. తింటున్నామని తెలియకుండానే తింటారు. ఆట అయ్యాక లోపలికెళ్లి నేల చూస్తే చాలు. మడమలు మునిగేటన్ని తొక్కలుంటే ఆ ఏడు ఆట భేషుగ్గా ఉన్నట్టే" అనేది.

రేవుపట్నం ఒక్క ఏడూ గెలవలేదు. అందుకు అందరికంటే ఎక్కువగా కుమిలిపోయేవాడు వరదశెట్టి. పెద్ద వర్తకుడు. ఆయన ఓడలు ఏడు రేవులు తిరిగేవి. మనిషి మంచివాడే. కాని కాలిబంతి అంటే ప్రాణం.

దానికొక కారణముంది. చిన్నప్పుడు ఈ మైదానంలోనే పిల్లలు ఆటకు ముందు ఉద్దులు వేసుకునేవాళ్లు. సమానంగా ఆడేవాళ్లిద్దరు ఒక జత. ఆ జతే ఉద్ది. ఇద్దరూ భుజాల మీద చేతులేసుకుని దూరంగా పోయి, చెవిలో రహస్యంగా ఒక్కో పేరు పెట్టుకుని వచ్చి అడిగేవాళ్లు: "వెన్న కావాలా? వెన్నెల కావాలా?" నాయకుడు ఒక పేరు కోరుకుంటే ఆ పేరువాడు అటు, రెండోవాడు ఇటు. ఎవరెటు పోయినా జట్లు సమానమే.

అప్పటికి ఆయన వట్టి వరదయ్య. బొద్దుగా ఉండేవాడు, మెల్లగా పరిగెత్తేవాడు. వాడికి సాటి ఎవరూ దొరికేవారు కాదు. "నీకు ఉద్ది లేదురా, నువ్వు ఆటలో అరటిపండువి. చెప్పులు చూస్తూ కూర్చో" అనేవాళ్లు. వాడు చెప్పుల దగ్గర కూర్చునేవాడు. అప్పట్లో అక్కడ గంప పెట్టుకున్నది సింగారమ్మ తల్లి. పక్కనే చిన్న సింగారి. ఆ పిల్లే పాపం అని వాడికి గుప్పెడు కాయలు పెట్టేది.

పెద్దయ్యాక ఆయన కోరిక ఒక్కటే. మైదానమంతా లేచి నిలబడి తన ఊరి కోసం కేక వెయ్యాలి. ఆ కేక తను చెవులారా వినాలి.

మొదటి ఏడు శెట్టి మగ్గాలపేటకు వెళ్లాడు. అక్కడ ఓబులేసు అని ఒకడున్నాడు. వాడి కాళ్ల దగ్గరికి బంతి వెళ్తే మళ్లీ గోల్లోనే కనిపించేది.

"ఓబులేసూ, మా ఊరికి ఆడతావా? నీకేం కావాలో చెప్పు."

"ఇల్లు కారుతోంది శెట్టిగారూ" అన్నాడు ఓబులేసు సిగ్గుపడుతూ.

"పెంకుటిల్లు కట్టిస్తాను."

పక్కన మగ్గానికి నూలు ఆసు పోస్తున్న ముసలాయన నవ్వాడు. "లవంగాలు కొంటారని విన్నాం. ఇప్పుడు కాళ్లు కూడా కొంటున్నారా శెట్టిగారూ?"

"కొనడమేమిటి తాతా! గౌరవంగా పిలుచుకుపోతున్నాను."

ఇల్లు కారేవాణ్ణి ఎవరు తప్పుపడతారు? ఓబులేసు వెళ్లాడు. ఆ ఏడు ఆఖరి ఆట వలలపాలెంతో పడింది. రెండుకు రెండు. సూర్యుడు కోట గోడ మీదికి దిగాడు. అప్పుడు ఓబులేసు ముగ్గురిని దాటి మూడో గోలు కొట్టాడు. మైదానం లేచింది. ఆ కేకకు రేవులో ఓడల మీద పక్షులు ఎగిరిపోయాయట! శెట్టి ఏడ్చాడు, నవ్వాడు, ఎవరినో ముద్దు పెట్టుకున్నాడు. ఇంటికొచ్చి తలపాగా విప్పితే మడతల్లోంచి వేరుశనగ తొక్కలు రాలాయి. కాయలు ఎప్పుడు తిన్నాడో ఆయనకే తెలియదు.

అక్కడ ఆగితే బాగుండేది.

"ఒక్క ఓబులేసుతోనే ఇంత తీపి ఉంటే, ఇంకొందరు వస్తే ఎంతుంటుంది!" అనుకున్నాడు.

రెండో ఏడు వలలపాలెం వెళ్లి పోలయ్యను తెచ్చుకున్నాడు. పోలయ్య గోలు కాపరి. వాణ్ణి దాటి ఈగ కూడా పోదు. పోలయ్యకు కొత్త పడవ వచ్చింది. రేవుపట్నం తొమ్మిది గోల్స్‌తో గెలిచింది. నాలుగో గోలుకే జనం వంట పని గుర్తొచ్చిందని లేచారు. కేక వెయ్యలేదు, మర్యాదకు చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రం సింగారమ్మ నేల చూసింది. తొక్కలు పలచగా, ముగ్గు చల్లినట్టున్నాయి.

"సగం గంప మిగిలింది వరదయ్యా" అంది.

"కాయలు మాడాయేమో చూసుకో" అన్నాడు శెట్టి.

మూడో ఏడు మందలపల్లె జట్టు మొత్తాన్నీ, నాయకుడు బయ్యన్నతో సహా, తెచ్చేసుకున్నాడు. మిగతా ఊళ్లలో కాస్త కాలు కదిపేవాళ్లనూ వదల్లేదు. ఆడేది పదకొండు మంది. శెట్టి దగ్గరున్నది ముప్ఫై మంది! ఓబులేసంతటివాడు కూడా కొత్తవాళ్ల వెనక బల్ల మీద కూర్చున్నాడు. ఒకసారి శెట్టి వాడి భుజం తట్టి "బాగున్నావా పోలయ్యా?" అన్నాడు. వాడు పేరు దిద్దలేదు. తల వంచుకున్నాడు.

మగ్గాలపేట తరఫున తాతలు వచ్చారు. ఒకాయన చేతికర్రతోనే దిగాడు. ఎన్ని గోల్స్ అయ్యాయో చెప్పాల్సినవాడు ఇరవై తర్వాత లెక్క మరిచిపోయి, "ఇంకా ఉందా?" అని అడిగాడు. రాజుగారు గొడుగు కింద నిద్రపోయారు.

మైదానంలో తొక్కలు ఒక్కచోటే కనిపించాయి. రేవుపట్నం గోలు దగ్గర. బంతి తనవైపు ఒక్కసారీ రాక, పోలయ్యే నిలబడి తిన్నాడు.

నాలుగో ఏడు ఎవరూ రాలేదు.

శెట్టిగారి ముప్ఫై మందీ జరీ అంచు చొక్కాలు తొడుక్కుని వరసగా నిలబడ్డారు. ఎదుట ఖాళీ నేల. నాలుగు కాకులు.

"మీకు ఎదురెవరు?" అన్నారు రాజుగారు.

"ఎవరూ లేరు మహాప్రభూ. కనుక బిందె మాకే..."

"ఓడేవాడు లేకుండా గెలిచేవాడెక్కడయ్యా? మూడు రోజులు గడువిస్తున్నాను. ఈలోగా ఆటంటూ జరిగిందా సరే. లేకపోతే ఈ మైదానం దున్నించి నువ్వులు చల్లిస్తాను. నువ్వులైనా పండుతాయి!"

శెట్టి ఖాళీ మైదానం వైపు చూశాడు. మైదానం పోతే ఇంకే కేక? ఇంకే ఆట?

మొదటి రోజు మూడు ఊళ్లకూ మూడు డబ్బు సంచులు పంపాడు, వచ్చి ఆడమని. మూడూ కట్టు విప్పకుండానే తిరిగొచ్చాయి. మగ్గాలపేట ముసలాయన ఒక మాట కూడా పంపాడు: "మా కాళ్లు పట్టుకుపోయారు. ఇప్పుడు మా ఓటమి కూడా అమ్మమంటారా?"

రెండో రోజు తన ముప్ఫై మందినే రెండుగా చీల్చి ఆడించాడు. మంచివాళ్లను ఒకవైపే పెట్టుకున్నాడు, అలవాటు పోక! దారినపోయే ఒకామె నీళ్లబిందె దించకుండానే చూసి, "శెట్టిగారి కుడిచెయ్యి ఎడమచెయ్యిని కొడుతోంది. మనకేం?" అనుకుంటూ వెళ్లిపోయింది.

మూడో రోజు పొద్దున్నే శెట్టి మైదానానికి వచ్చి, ఏం చెయ్యాలో తోచక, వాకిట్లో చతికిలబడ్డాడు. అంతా ఖాళీ. సింగారమ్మ మాత్రం ఖాళీ గంప పక్కన కూర్చుని ఉంది.

"మళ్లీ చెప్పుల దగ్గరికే వచ్చావేం వరదయ్యా?" అంది.

ఆయన ఖాళీ గంపలోకి తొంగిచూశాడు.

"అప్పుడు నువ్వు మరీ మెల్లగా పరిగెత్తేవాడివి. నీకు ఉద్ది దొరకలేదు. ఇప్పుడు నీ జట్టు మరీ బలిసింది. దానికీ ఉద్ది లేదు. చేతకానివాడైనా, అందర్నీ మింగినవాడైనా, ఉద్ది లేకపోతే ఒకటే కదయ్యా. ఆటలో అరటిపండు!"

శెట్టి కళ్లలో నీళ్లు తిరిగాయి. తరవాత ఉన్నట్టుండి నవ్వొచ్చింది. లేచాడు. బండి కట్టమనలేదు. ఆ బరువు మనిషి చెప్పులు చేత్తో పట్టుకుని మగ్గాలపేట దాకా పరిగెత్తాడు, మెల్లగానే.

"ఈసారి ఏం కొంటారు శెట్టిగారూ, మమ్మల్నా?" అన్నాడు ముసలాయన.

"ఏమీ కొనను తాతా. ఆడుకుందాం రమ్మని వచ్చాను. ఉద్దులు వేసుకుందాం."

ముసలాయన చేతిలో దారం ఆగిపోయింది. ఆ మాట వినక ఎన్నాళ్లయిందో! మనుషుల్ని పిలిచి వలలపాలేనికీ, మందలపల్లెకూ పరుగెత్తించాడు.

మధ్యాహ్నానికి నాలుగు ఊళ్ల పెద్దలూ మైదానంలో నేల మీద కూర్చున్నారు. ఊళ్లు నాలుగు కనుక, ఆటగాళ్లు నలుగురేసి సాటివాళ్లు కలిసి దూరంగా పోయి, గుసగుసలాడి, పిల్లల్లా నవ్వుకుంటూ తిరిగొచ్చారు.

"వెన్న కావాలా, వెన్నెల కావాలా, వేపపువ్వు కావాలా, వెల్లుల్లి కావాలా?"

వెనకబడ్డ ఊరు ముందు కోరుకుంది. శెట్టి ఆఖరున, ఎప్పుడూ మిగిలినదే తీసుకున్నాడు. ఎక్కువసార్లు వెల్లుల్లే మిగిలింది. వెన్నెల అంటే ఓబులేసట, వాడు మగ్గాలపేటకే తిరిగిపోయాడు. పోలయ్య మందలపల్లెకు దక్కాడు. వెల్లుల్లి పేరుతో బయ్యన్న రేవుపట్నానికి వచ్చాడు.

అప్పుడు ఓబులేసు నసిగాడు. "శెట్టిగారూ, మరి మీరు నెలనెలా ఇచ్చే మా జీతం? పెంకుటిల్లు కట్టించారు, పిల్లలు కడుపునిండా తింటున్నారు. అది పోతుందా?"

"పోదు ఓబులేసూ" అన్నాడు శెట్టి. ఈసారి పేరు తప్పలేదు. "ఆట చూడ్డానికి జనం ఇచ్చే కాసుల రాబడి నాలుగు ఊళ్లకూ సమానంగా పంచుదాం. చాలకపోతే మిగతాది నేను పోస్తాను. నువ్వు ఏ ఊరికి ఆడినా సరే. నా డబ్బు ఆటకు పనికిరావాలి గాని, ఆటను మింగకూడదు."

కబురు ఊళ్లకు పాకింది. జనం అంట్లు అంట్లుగానే వదిలేసి వచ్చారు. సింగారమ్మ గంప నింపుకొచ్చింది, రెండోసారీ నింపుకొచ్చింది.

ఆఖరి ఆట రేవుపట్నానికీ మగ్గాలపేటకూ పడింది. బయ్యన్న ఒకటి కొట్టాడు. ఓబులేసు ఒకటి కొట్టాడు. మళ్లీ ఒకటి, మళ్లీ ఒకటి. రెండుకు రెండు. సూర్యుడు కోట గోడ మీదికి దిగాడు. రాజుగారు గొడుగు పక్కకు తోసి నిలబడ్డారు. ఓబులేసు కాళ్లు మగ్గం తొక్కినట్టు ఎడమ, కుడి, ఎడమ, కుడి ఆడాయి. మూడో గోలు!

నాలుగు ఊళ్లూ లేచి కేక వేశాయి. రేవులో పక్షులన్నీ ఎగిరిపోయాయి.

శెట్టి కదలకుండా నిలబడ్డాడు. తన ఊరు ఓడిపోయింది. కేక తనకోసం కాదు. అయినా ఆయన గొంతు బొంగురుపోయి ఉంది, తనూ అరిచినట్టున్నాడు! తల వంచి చూసుకున్నాడు. పాదాలు కనిపించలేదు. మడమలు మునిగేటన్ని తొక్కలు.

"ఓడావా వరదయ్యా?" అంది సింగారమ్మ.

"ఓడాను సింగారమ్మా" అన్నాడు, తలపాగా విప్పి ఒడిలా పట్టుకుని. "ఇంకో గిద్దెడు పొయ్యి."

రాజుగారు ఆ రోజే చాటింపు వేయించారు. ఏ ఊరైనా ఎవరినైనా పిలుచుకోవచ్చు. కాని ఒకణ్ణి తీసుకుపోతే, వాడికి ఉద్దియైనవాణ్ణి ఆ ఊరికి ఇచ్చి మరీ తీసుకుపోవాలి. మైదానంలో నువ్వులు చల్లలేదు. వెండి బిందె మటుకు ఏటా ఊరు మారుతూనే ఉంది. ఒక ఏడు అది రేవుపట్నానికీ వచ్చింది, ఒక్క గోలు తేడాతో.

కథ కంచికి చేరేముందు, ముందు వరసలో కూర్చుని వింటున్న అమ్మాయ్ కౌసల్యా, పేర్లు ఒకసారి సరిచూడమ్మా. ఓబులేసు మగ్గాలపేటవాడు, పోలయ్య వలలపాలెంవాడు, అంతేనా? ఎక్కడైనా తారుమారైతే దిద్దు. నీతి మాత్రం దిద్దే పని లేదు, అది బాగానే గుర్తుంది: ఉద్దిని మిగుల్చుకున్నవాడికే ఆట మిగులుతుంది.