బుద్ధిసాగరం గారి కాలు

నల్లగుట్ట అడవిలో బుద్ధిసాగరం అనే నక్క ఉండేవాడు. ఆ పేరు ఎవరూ పెట్టకపోయేసరికి తనే పెట్టుకున్నాడు. గుట్ట మీద చల్లటి గుహలో కూర్చుని ఆలోచించడం ఆయన ఉద్యోగం. అడవిలో ఏ దారి ఎంత దూరమో గుర్తుపెట్టుకునే పని కింద మడుగు ఒడ్డునుండే ముసలి తాబేలు అచ్చమ్మది. ఇద్దరి మధ్యా కబుర్లు మోసేది వీరన్న అనే గాడిద.

ఆ ఏడు ఎండలకి మడుగు ఇంకిపోయింది. ఏటికి పోదామంటే అన్నీ ఒకదాంట్లోంచి ఒకటి చీలే డొంకదారులు. వీరన్న పిల్ల అప్పటికే నాలుక బయటపెట్టి పడుంది. దగ్గరి దారైతే బతుకుతుంది, చుట్టుదారైతే మధ్యలోనే పోతుంది.

ఆ దారి తేల్చే భారం బుద్ధిసాగరం నెత్తినేసుకున్నాడు. చింతల డొంక ఎంత దూరమో కనుక్కురమ్మన్నాడు. వీరన్న గుట్ట దిగి, అడిగి, ఎక్కొచ్చి చెప్పాడు. మరి రేగుపొదల డొంక సంగతేమిటన్నాడు. వీరన్న మళ్లీ దిగి ఎక్కాడు. అది విని గంభీరంగా తలూపి, ఇంతకీ మొదటిది ఎంతన్నావని అడిగాడు. పొద్దు నెత్తికెక్కింది. తను ఆలోచించేది రెప్పపాటేననీ, మిగతాదంతా గాడిద గుట్టెక్కడమేననీ ఆయనకీ తెలుసు. కానీ అంత పేరు పెట్టుకున్నవాడు పోయి తాబేలు పక్కన బురదలో కూర్చుంటే నలుగురూ ఏమనుకుంటారు? ఆ నలుగురూ దాహంతో చస్తున్నారన్న సంగతి మాత్రం తట్టలేదు.

వీరన్నకి కడుపు మండింది. ఈసారి ఎక్కొచ్చి తల దించుకు నిలబడ్డాడు.

"అచ్చమ్మ తమర్ని ఓ మాటంది దొరా. అది నేను మోయలేను. తమరే వచ్చి వినండి."

బుద్ధిసాగరం ఒక్క పరుగున గుట్ట దిగాడు. అచ్చమ్మ దారులన్నిటినీ తీగలుగా ముడేసి నేల మీద పరుచుకుని ఉంది. ప్రతి ముడీ ఒక చోటు, ముడికీ ముడికీ మధ్య తీగ ఒక దారి. దారి ఎంత పొడుగైతే తీగా అంత పొడుగు. నన్నేమన్నావే ముసలీ అంటూ దూకిన బుద్ధిసాగరం కాలు సరిగ్గా మడుగు ముడిలో ఇరుక్కుంది. విదిలించుకుంటుంటే తీగలన్నీ ఆయనతోపాటే పోయేలా ఉన్నాయని, వీరన్న అవతలి కొసనున్న ఏటి ముడిని పళ్లతో పట్టి లాగాడు. ఇద్దరూ చెరోవైపు గుంజేసరికి ఒక్క వరస తీగలు బిగుసుకుని నిలిచాయి. మిగతావన్నీ వదులుగా వేలాడాయి.

అచ్చమ్మ మెడ చాచి చూసింది. "ముందు బిగిసేది పొట్టి వరసే. అదే నాయనా, దగ్గరి దారి."

పొద్దు వాలకముందే వీరన్న పిల్ల ఏట్లో మూతి పెట్టింది. దారి ఎవరు కనిపెట్టారని జింకలు అడిగాయి. బుద్ధిసాగరం అలవాటు కొద్దీ నోరు తెరిచి, కాలికింకా వేలాడుతున్న తీగ చూసుకున్నాడు.

"నా కాలు కనిపెట్టింది," అన్నాడు. "బుర్ర ఇంకా గుహలోనే ఉంది."

తర్వాత పక్కకి జరిగి, ఇంతకీ ఇందాక నన్నేమన్నావని అచ్చమ్మని అడిగాడు. తనేమీ అనలేదందామె. వీరన్న నీళ్లు తాగుతూ తల ఎత్తలేదు.

నీతి: జ్ఞాపకమున్న చోటికే బుద్ధి దిగి రావాలి, లేకపోతే అరిగేది గాడిద కాళ్లే.